రంజిత బోర్డు మీద నాలుగు డయోడ్లు

ఆ బోర్డు చూసి అశోక్‌కుమార్‌కు నవ్వాగలేదు. అదీ ఒక సర్క్యూటేనా! నాలుగు ట్రాన్సిస్టర్లు, వాటి నడుమ మోటారుకు రెండు తీగలు. ఈ మూలదీ ఆ మూలదీ కలిసి పనిచేస్తే మోటారు ఇటు తిరుగుతుందట, మిగిలిన జత పనిచేస్తే అటు తిరుగుతుందట. నిన్నగాక మొన్న డిప్లొమా అయిన రంజిత చేసింది మరి, మురిసిపోవద్దూ!

ఆనేకల్‌లో అనసూయమ్మ మగ్గాల షెడ్డులో ఎనిమిదేళ్లుగా కరెంటు పనంతా అశోక్‌కుమార్‌దే. దారం చుట్టే మిషన్లు వచ్చి మూడేళ్లయింది. వాటి మోటారు బోర్డులు నెలకు రెండు కాలిపోయేవి. కాలినదాన్ని తీసేసి, బజారు నుంచి కొత్తది తెచ్చి బిగించడమే మనవాడి విద్య. విసిగిపోయిన అనసూయమ్మ నిన్న తేల్చి చెప్పేసింది.

"రంజిత చేసిన బోర్డు నడిస్తే, మిషన్లన్నీ ఆ పాపే చూసుకుంటాది. నీకింక పని లేదప్పా."

అప్పట్నుంచి అతనికి ముద్ద దిగలేదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

యజమానురాలిని పిలుచుకు రావడానికి రంజిత అటు వెళ్లగానే బోర్డు చేతికి తీసుకున్నాడు. ఒక్కో ట్రాన్సిస్టర్‌కూ, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒక్కోటి. అదీ తిరగేసి! కరెంటు పోని వైపు డయోడ్ పెట్టేవాళ్లను ఏమనాలి? నీ చదువు తగలెయ్య, అనుకుంటూ నాలుగింటినీ కటింగ్ ప్లయరుతో కత్తిరించి పారేశాడు.

ఆడవాళ్లిద్దరూ వచ్చారు. అశోక్‌కుమార్ బోర్డును మిషన్‌కు బిగించి, తనే స్విచ్చి వేశాడు. మోటారు తిరిగింది, దారం చక్కగా చుట్టుకుంటోంది.

"చూడమ్మా, నడస్తా ఉండాది గదా? ఈ పాప పెట్టిన నాలుగు డయోడ్లూ నేను కత్తరించేసినా. అన్నీ దండగే! ఇదీ వీళ్ల చదువు."

రంజిత ముందుకు ఉరికింది. "అయ్యో అన్నా, మోటారు ఆపొద్దు!"

"ఆపితే ఏమయితాది? కొంప మునుగుతాదా?" అంటూ ఆపి, వెంటనే వెనక్కి తిప్పే స్విచ్చి నొక్కాడు.

బోర్డు మీద పట్‌మంది. కమురు వాసన, పొగ.

"ఆపంగానే మోటారు కరెంటును వెనక్కి తంతాది," అంది రంజిత కోపంగా. "ఆ తన్ను పోయేదానికి దోవ ఆ డయోడ్లు. నువ్వు దోవ లేకుండా చేస్తివి, తన్ను ట్రాన్సిస్టర్ మీద పడె."

అనసూయమ్మ కింద పడున్న డయోడ్ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"బజారు బోర్డులతో బాటు చిన్న పొట్లంలో వచ్చేవి ఇవే గదప్పా? అవేం చేస్తా ఉంటివి?"

అశోక్‌కుమార్ లెక్క వేసుకున్నాడు. మూడేళ్లు. నెలకు రెండు బోర్డులు.

"పారేస్తా ఉంటినమ్మా."

ఆమె అతని వైపు చూడనైనా లేదు.

"ఇంకో బోర్డు చెయ్యి పాపా," అంది రంజితతో. "ఈయప్ప గేటు దాటినాంక మొదలుపెట్టు."