పొగచూరిన పాలపాత్ర

డిష్‌వాషర్ నింపేదీ నేనే, ఖాళీ చేసేదీ నేనే. పెళ్లయ్యాక మొదటిసారి ఈరోజు మా ఆయన బాలమురళి నింపాడు. తలుపు తెరిచి, నా ఫ్రెండ్ నసీకు దాచమని ఇచ్చిన పాలపాత్రను బయటికి తీశాను. మెడ దగ్గర్నుంచి అడుగుదాకా చీలిపోయి ఉంది.

నసీకు ఇక్కడ నాతోపాటు పెద్దవాళ్లను చూసుకునే ఏజ్డ్ కేర్‌లో పనిచేస్తుంది. కెన్యాలో పశువుల్ని మేపుకునే సంబురు తెగ అమ్మాయి. ఒకే చెక్కను తొలిచి చేసిన ఆ పాత్ర వాళ్లమ్మది. ఆవిడ పోయాక తనకు మిగిలింది అదొక్కటే. ఇల్లు మారుతూ, సామాన్లలో దెబ్బ తింటుందని నా దగ్గర దాచిపెట్టింది. నీళ్లు తగలనివ్వొద్దని మరీ మరీ చెప్పింది. వాళ్లు దాన్ని కడగరు, మండుతున్న పుల్లను లోపల తిప్పి శుభ్రం చేస్తారు. పాలకు ఆ పొగవాసన పట్టాలి, అదే వాళ్లకు రుచి.

ఇదంతా ఇంట్లో చెప్పాను. వింటేగా! "పాలు పొగచూరితేనే పారబోస్తామే, పొగచూరిన చెంబుని నట్టింట్లో పెట్టావేంటమ్మా?" అంటూ అత్తయ్య ముక్కు మూసుకుంటూనే ఉంది. అమ్మ మాట విని కొడుకు దాన్ని డిష్‌వాషర్‌లో పెట్టేశాడు.

"క్లీన్ చేసినందుకు థాంక్స్ చెప్పాల్సింది పోయి ఆ మొహమేంటి?" అన్నాడు. చీలిక చూపించాను. ఒక్క క్షణం తగ్గాడు. "సరేలే, నీ చేతిలోంచి జారిపడిందని చెప్పు. నీ ఫ్రెండే కదా, ఏమనుకోదు. ఆన్‌లైన్‌లో ఇంకోటి ఆర్డర్ పెడదాం."

నా చేతిలోంచి! అతను మర్చిపోయిన పుట్టినరోజులన్నీ చుట్టాల లెక్కలో నేను మర్చిపోయినవే. అతను వెళ్లనన్న పెళ్లిళ్లకు పొగరుబోతుని నేను. అతను కారుతో పక్కింటి ఫెన్స్ విరగ్గొడితే కేకు చేసుకుని సారీ చెప్పడానికి వెళ్లిందీ నేనే. నన్ను నమ్మిన మనిషికి ఇప్పుడు అబద్ధం కూడా చెప్పాలట.

పాత్ర తీసుకెళ్లడానికి నసీకు వస్తానన్న టైమయింది. కాలింగ్ బెల్ మోగింది.

"తనే అయ్యుంటుంది, వెళ్లి చెప్పు. నాకు మీటింగ్ ఉంది" అంటూ లాప్‌టాప్ తెరిచాడు.

"వెళ్లమ్మా, ఆడవాళ్లూ ఆడవాళ్లూ చూసుకోండి" అంది అత్తయ్య.

లాప్‌టాప్ మూసేసి, పాత్రను బాలమురళి ఒళ్లో పెట్టాను. వెళ్లి తలుపు తీశాను. నసీకు నవ్వుతూ లోపలికి అడుగుపెట్టింది.

"మీ అమ్మ పాత్రను నేను కాపాడలేకపోయాను నసీకూ. ఎలా పగిలిందో మా ఆయన చెప్తాడు" అని, వాళ్లిద్దరి మధ్య నుంచి పక్కకు తప్పుకున్నాను.