ఒక్కరే తోలితే

ఇంజను మీద కప్పిన దళసరి ఉన్ని దుప్పటిని రెండు చేతులా లాగి, దానికి అట్టకట్టిన మంచును గుమ్మం ముందు దులిపి, హాందా కారెక్కింది. తాళం తిప్పగానే పాత కారు రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. అందుకోక ఏం చేస్తుంది? రాత్రంతా అన్న సోద్నోమ్ లేచి లేచి వచ్చి, కాసేపు ఇంజను తిప్పి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు కదా. అలా తిప్పకపోతే మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ చలికి తెల్లారేసరికి ఇంజనులో నూనె మైనంలా బిగుసుకుపోతుంది. ఆ పూట కిరాయి బేరాలన్నీ, పెట్రోలుతో పాటు బాటరీ మీద కూడా నడిచే హైబ్రిడ్ కార్లవాళ్ళు ఎగరేసుకుపోతారు.

వాలు మీది గుడారాల పేట బొగ్గుపొగలో మునిగి ఉంది. ముందు ఇల్లు కనిపించదు, దాని గొట్టంలోంచి లేచే పొగ మాత్రం ఇంకొంచెం నల్లగా కనిపిస్తుంది. హాందా అలవాటు మీద బండిని కిందికి దించింది. యాభై దాటిన మనిషి. పొట్టి, గుండ్రటి భుజాలు, చలికి పగిలి ఎర్రబారిన బుగ్గలు. స్టీరింగు అందేలా వీపు వెనక మడతపెట్టిన కోటు. కట్టుకున్నవాడు గోబీ గనుల్లో పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాక, ఆమె మూటతో అన్న గుడారానికి వచ్చింది. సోద్నోమ్ పెళ్ళి చేసుకోలేదు. ఏడవొద్దనీ చెప్పలేదు, ఏడవమనీ చెప్పలేదు. పొయ్యికి అవతల మంచం ఖాళీ చేసి, మర్నాడు బండి తోలడం నేర్పాడు. అప్పట్నించీ పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా ఆమె, మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనం దాకా అతను. ఆమె దిగిన సీటు చల్లారకముందే అతను కూర్చునేవాడు.

మలుపులో బూట్లమ్మే ఆడవాళ్ళిద్దరు సంచులతో ఎదురు చూస్తున్నారు. రోజూ ఆమె బేరమే.

"వచ్చిందమ్మా తాగుబోతు బండి!" అంది లావుపాటామె, సంచీ ఒళ్ళోకి లాక్కుంటూ. "మా ఆయన ఎంత తాగినా ఇంత తాగడు హాందా."

"మీ ఆయన నిన్ను బజారు దాకా మోస్తాడేమిటి?" అంది హాందా.

వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్ళు పెట్రోలు ముల్లు మీదే ఉన్నాయి. వారం రోజులుగా అంతే. ఎటు తిరిగినా హైబ్రిడ్లే కనిపిస్తున్నాయి. కూడలిలో ఆగితే ముందొకటి, పక్కనొకటి. చప్పుడు లేకుండా ఆగి, చప్పుడు లేకుండా కదులుతాయి. ఆమె బండి మాత్రం ఆగినచోట కూడా గురకపెడుతూ తాగుతుంది.

పక్క గుడారం న్యామా తన హైబ్రిడ్ అమ్మేస్తోంది. గనుల దగ్గర వంటపని దొరికింది, రేపే ప్రయాణం. బజారు ధర కన్నా తక్కువకే ఇస్తానంది. పాత బండి అమ్మితే వచ్చేదీ, అన్నాచెల్లెళ్ళు దాచుకున్నదీ కలిపితే సరిగ్గా సరిపోతుంది, చేతిలో మాత్రం ఏమీ మిగలదు. హాందా మొదటిరోజే సరేనంది. సోద్నోమ్ మాత్రం "చూద్దాం" అన్నాడు. మర్నాడూ చూద్దామే. కోటు కొనడానికి కూడా ఇంత ఆలోచించని మనిషి, పెట్రోలు ఎంత, బాటరీ ఎన్నాళ్ళు, టైర్లు ఎంత అని మనసులోనే నమిలాడు. అడిగితే దగ్గేవాడు.

బజారు దగ్గర ఆడవాళ్ళు దిగుతుండగా ఫోను మోగింది.

"అక్కా, ఏం తేల్చారు?" అంది న్యామా. "పొద్దు వాలేలోపు చెప్పు. ఇంకొకాయన డబ్బు పట్టుకుని తిరుగుతున్నాడు."

"చెప్తానే. మధ్యాహ్నం బండిని మెకానిక్ దశ్నియమ్ షెడ్డుకి తీసుకురా. ఇవాళ మా అన్న చేత నోరు తెరిపిస్తాను."

మధ్యాహ్నం దాకా ఎవరు చెయ్యెత్తితే వాళ్ళని ఎక్కించుకుంది. ఒక ముసలాయన ఆసుపత్రికి. ఒక కాలేజీ అమ్మాయి, దారంతా అద్దం చూసుకుంటూ. వంతెన మీద బండ్లన్నీ నిలిచిపోయినప్పుడు ఆమె స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తూ, తిట్లు మింగుతూ కూర్చుంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. సంపాదించిన దాంట్లో సగం బంకులో పోసింది.

సోద్నోమ్ ఎప్పటిలా కుడుముల హోటలు దగ్గర నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, ఈమధ్య కోటు లోపల ఇంకా పొడుగ్గా కనిపిస్తున్నాడు. వేడి పొగ వచ్చే మాంసం కుడుములు ఆరు తెప్పించి, నాలుగు ఆమె పళ్ళెంలోకి తోశాడు. ఉప్పు వేసిన పాల టీ రెండు గిన్నెలు తాగాడు.

"తినవేం?"

"పొద్దున ఎక్కువ తిన్నాను."

"దశ్నియమ్ దగ్గరికి పోదాం పద. బాటరీ చూసి చెప్తాడు. ఆ తర్వాత నువ్వు చూద్దాం అన్నావంటే, నేనే వెళ్ళి డబ్బిచ్చేస్తాను."

సోద్నోమ్ లేచాడు. వాదించనందుకు ఆమెకు ఆశ్చర్యం వేసింది.

దశ్నియమ్ షెడ్డు ముందు న్యామా తన బండిని అప్పటికే తెచ్చి పెట్టింది. తెల్లటిది, ముందు బంపరు పక్కన చిన్న సొట్ట. దశ్నియమ్ సోద్నోమ్‌తో కలిసి సైన్యంలో లారీలు బాగుచేసినవాడు. వెనక సీటు ఎత్తి, వైర్లు తగిలించి, మిషను తెర చూసి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"మంచిదే అన్నా. కానీ కొత్తది కాదుగా. మూడు చలికాలాలు లాగుతుంది. ఆపైన లాగితే నీ అదృష్టం. అప్పుడు బాటరీకి మళ్ళీ పెద్దమొత్తం పెట్టాలి."

"ఇద్దరం తోలితే రెండు చలికాలాల్లోపే పెట్టింది తిరిగొస్తుంది," అంది హాందా. "నేను లెక్కేశాను. మూడోది మన లాభం. చెప్పు దశ్నియమ్, తప్పా?"

"తప్పేముంది? బండి ఎంత తిరిగితే అంత మిగుల్తుంది. ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాడికి ఇది దండగ."

దశ్నియమ్ లోపలికి వెళ్ళాడు. అన్నాచెల్లెళ్ళు చలికి నిలవలేక తమ పాత బండిలో కూర్చున్నారు. సోద్నోమ్ చేతితొడుగు తీసి, మంచుపట్టిన పక్క అద్దం మీద గోటితో అంకెలు గీశాడు. రోజుకి మిగిలే పెట్రోలు, దాని కింద రోజులు, దాని కింద మొత్తం. హాందా ముందుకి వంగి చూసింది.

"అదేంటి, సగమే వేశావ్?"

అతను చేతితొడుగు మళ్ళీ తొడుక్కున్నాడు.

"రోజుకి మిగిలేది దీనికి రెట్టింపు. నీ పూటది ఒకటి, నా పూటది ఒకటి."

"ఒక్కరే తోలితే ఇంతే."

"ఒక్కరెందుకు తోల్తారు?" ఆమె గొంతు లేచింది. "అదన్నమాట! వారం రోజులుగా నాన్చుడు ఇందుకన్నమాట. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి నువ్వొక్కడివే తోలుదామనా? ముసలిదాన్నైపోయానా? నిరుడు వంతెన కింద బండి గుద్దింది నేనా, నువ్వా?"

"నేనే."

"మరి?"

"నువ్వు కాదు హాందా, తోలనిది."

అద్దం మీది అంకెలు అతని ఊపిరికి అంచుల్లో కరుగుతున్నాయి. కిందటి వారం ఆసుపత్రిలో డాక్టరు అతన్ని చూస్తున్నంతసేపూ ఆమె బయట బల్ల మీద కూర్చుంది. అతను బయటికొచ్చి, మందులిచ్చారు, పొగలో తిరగొద్దన్నారు అని చెప్పాడు. పొగలో తిరగకుండా ఈ ఊళ్ళో ఎవడుంటాడు అని ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

"ఏమన్నాడు డాక్టరు?"

"ఊపిరితిత్తుల్లో గడ్డ. బాగా పాకింది. వసంతంలో గడ్డి మొలిచేదాకా ఉంటావేమో అన్నాడు. గట్టిగా ఏం చెప్పలేదు."

హాందా తలుపు తీసుకుని దిగింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. టైరును కాలితో తన్నింది. షెడ్డు గోడ దాకా వెళ్ళి, ఎందుకెళ్ళిందో తెలియనట్టు మళ్ళీ వెనక్కి వచ్చింది. ఊపిరి తెల్లగా ముఖం చుట్టూ లేస్తోంది. తలుపు తీసి, కూర్చోకుండానే, "వద్దు," అంది. "బండీ వద్దు, గిండీ వద్దు. ఆ డబ్బు నీ వైద్యానికి. బీజింగు పోదాం. సియోల్ పోదాం. జనం పోవట్లా?"

"అడిగాను. డబ్బు తీసుకుంటారట. అంతకంటే చేసేదేం లేదట."

"అయినా పోదాం."

"కూర్చోవే. చలి లోపలికొస్తోంది."

ఆమె కూర్చుంది. తలుపు గట్టిగా వేసింది.

"అయితే ఇంకా వద్దు," అంది ముందుకే చూస్తూ. "నీ లెక్కే చెప్తోందిగా. నేనొక్కదాన్నే తోలితే బాటరీ పోయేనాటికి గానీ పెట్టింది రాదు. దండగ. పాతదే ఉండనీ."

సోద్నోమ్ దగ్గు వచ్చి ఆగేదాకా ఆగాడు. "నేనూ అదే అనుకున్నాను. వారం రోజులూ ఎన్నిసార్లు గీసినా నష్టమే వచ్చింది. నీ చేతిలో డబ్బుండటమే మంచిదనుకున్నాను. నిన్న రాత్రి ఇంజను తిప్పడానికి లేచాను చూడు. గుమ్మం దాకా వెళ్ళేసరికి కాళ్ళు రాలేదు. పొయ్యి పట్టుకుని నిలబడ్డాను. వచ్చే చలికాలం ఇది ఎవరు తిప్పుతారు అనుకున్నా. నువ్వే. ఒక్కదానివే. రాత్రికి అన్నిసార్లు లేచి, తెల్లారి మళ్ళీ బండెక్కి." అతను కొత్తబండి వైపు గడ్డం ఎత్తాడు. "దానికి లేవక్కర్లేదు. ఎంత చలిలోనైనా తెల్లారి మీట నొక్కితే కదుల్తుంది. పెట్రోలు లెక్క పెట్రోలుదే. నువ్వు పడుకునే నిద్ర ఆ లెక్కలోకి రాదు."

"నాకు నిద్ర అక్కర్లేదు."

"నీకేం అక్కర్లేదు, తెలుసు. న్యామాని పిలువు."

ఆమె కదల్లేదు. అతనే దిగి, షెడ్డు తలుపు కొట్టాడు.

బేరం పొద్దు వాలకముందే అయిపోయింది. న్యామా తాళం చేతిలో పెడుతూ, "నాకు బాగా తోడుంది అన్నా, ఇది," అని కళ్ళు తుడుచుకుంది. పాతదాన్ని ఆ సాయంత్రమే దశ్నియమ్ షెడ్డులో పెట్టారు, దాని డబ్బు తనే ముందుగా సర్ది, అమ్మిపెడతానన్నాడు. ఇంటిదాకా సోద్నోమే తోలాడు. కుడివైపు స్టీరింగు పట్టుకుని, మోకాళ్ళు తగలకుండా సీటు బాగా వెనక్కి జరుపుకున్నాడు.

కూడలిలో ఆగినప్పుడు, "ఇది బతికుందా చచ్చిందా?" అన్నాడు.

"పచ్చదీపం పడింది, పోనీ."

బండి చప్పుడు లేకుండా కదిలింది. సోద్నోమ్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. వాలు మొదట్లో గోనెపట్టా మీద దేవదారు గింజలు అమ్ముకునే ముసలమ్మ దగ్గర ఆపి, కాగితం పొట్లంలో ఒక గ్లాసెడు పోయించుకున్నాడు. దారంతా పళ్ళతో పగలగొట్టి తింటూ, పొట్టు స్టీరింగు పక్కనున్న చిన్న సొరుగులో వేశాడు. మధ్యలో చెల్లెలి అరచేతిలో కూడా కొన్ని పోశాడు. ఆమె అవి ఇంటికెళ్ళేదాకా గుప్పిట్లోనే పెట్టుకుంది.

తన పూట అతను ఆ బండిని కొత్త సంవత్సరపు తెల్లనెల పండుగ దాకా తోలాడు. పండుగయ్యాక రోజు మార్చి రోజు. దుమ్ముగాలులు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం బండి మార్చుకునే వేళకి అతను హోటలు దగ్గరికి రాలేదు. హాందా ఇంటికెళ్ళి చూస్తే, కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, పొయ్యి పక్క పీట మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. అతని చేతులు చల్లబడ్డాయి.

ఇప్పుడు రెండు పూటలూ తోలాలని ఆమె ఎంత ప్రయత్నించినా నడుము ఒప్పుకోదు. సాయంత్రాలు బండి ఖాళీగా ఉంటుంది.

"ఏం హాందా, లాభమేనా?" అని అడుగుతుంది బూట్ల బేరగత్తె.

"ఇంకా కాలేదు," అంటుంది హాందా.

రాత్రిళ్ళు మాత్రం మెలకువ వచ్చేస్తుంది. బయట ఇంజను చప్పుడు వినబడుతుందేమోనని కాసేపు చెవులు రిక్కించి, లేవనవసరం లేదని గుర్తొచ్చి, ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటుంది. పొద్దున మీట నొక్కగానే బండి కదులుతుంది. ఎక్కినవాళ్ళు ఎప్పుడైనా చిల్లర కోసం ఆ చిన్న సొరుగు లాగబోతే, ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "చిల్లర నా దగ్గరుంది" అని జేబులోంచి తీసి ఇస్తుంది. గతుకుల మీద బండి ఊగినప్పుడల్లా, ఆ సొరుగులో దేవదారు గింజల పొట్టు సన్నగా కదులుతుంది.