మలుపు ముక్కలు

"అన్నాలయ్యాక ఆ మలుపు ముక్కలు కోసి పడెయ్ ఎస్తేరూ. నీకూ పొద్దుపోతుంది."

సాలమన్ ఈ మాట మొదటిసారి అన్నప్పుడు ఎస్తేరుకు అందులో తప్పేమీ కనబడలేదు. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో రెండు గదుల ఫ్లాటు. పిల్లలు బడికి పోతే గోడలతో మాట్లాడుకోవలసిందే. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్. ఎవరో పెద్దమనిషి చలిదేశంలో చదువుకొచ్చి, కొత్త విల్లా సెల్లార్లో బాయిలరు పెట్టించి, ప్లాస్టిక్ గొట్టాల్లో వేడినీళ్ళు గదిగదికీ తిప్పించుకుంటున్నాడు. ఆ పని సాలమన్‌కు పడింది. దోహాలో వేడి కొనుక్కోవడమేమిటని నవ్వకండి. జనవరిలో అక్కడా చలే, పైగా డబ్బున్నవాడి ముచ్చట. ఆ వేడి దారిలోనే పోకుండా గొట్టాలకు నల్లటి రబ్బరు తొడుగులు వెయ్యాలి. తిన్నని గొట్టానికి ఎవడైనా తొడుగుతాడు. వంపు తిరిగే చోటే తంటా. అక్కడ ముక్కలు ఏటవాలుగా కోసి అతకాలి. సాలమన్ కింద కుర్రాళ్ళు కోస్తే ఎక్కడో ఓ చోట సందు తేలేది.

ఎస్తేరు చూసి, ఇదేముంది, జాకెట్టు చెయ్యేగా అనుకుంది. బయటి వైపు పొడుగు, లోపలి వైపు పొట్టి. పాత పేపరు మీద కొలత గీసి కోసింది. అతికినట్టు సరిపోయింది. ఇక అక్కణ్ణుంచి కట్టలు ఇంటికే రావడం మొదలైంది. వంటింటి నిండా గమ్ కంపు, సాయంత్రానికి తలనొప్పి, అన్నం కలపబోతే వేళ్ళకు నల్లటి జిగురు. "చేతులు సరిగ్గా కడుక్కోవా?" అనేవాడు సాలమన్, కంచం ముందు కూర్చుని.

అక్కడ సెలవు శుక్రవారం, చర్చీ ఆ రోజే. ఒక శుక్రవారం ప్రార్థన నుంచి ఎస్తేరుతో వస్తూ సాలమన్ ఆ పెద్దమనిషి విల్లా దగ్గర కారాపాడు. పని పూర్తయింది, కంపెనీ ఇంజనీరు ఇక్రాముద్దీన్ చూడ్డానికొచ్చాడు. "నువ్వు కార్లోనే ఉండు" అన్నాడు సాలమన్. "అరె, భాభీని గట్ల కూసోబెడ్తవా? రాండ్రి భాభీ" అన్నాడు హైదరాబాదీ ఇక్రాముద్దీన్.

సెల్లార్లో అడుగు పెట్టగానే ఎస్తేరు కళ్ళు గొట్టాల వెంట పరుగెత్తాయి. గోడ పొడుగునా తన ముక్కలే. ప్రతి వంపూ గుర్తుంది. ఇది కోసిన రోజు చిన్నదానికి జ్వరం. అది కోస్తుంటే పప్పు మాడింది. చెయ్యి వేసి చూసింది. బయట చల్లగా ఉంది, వేడంతా లోపలే ఉండిపోయింది.

ఇక్రాముద్దీన్ ఒక వంపు నిమిరి, "సాలమన్ భాయ్, ఎవరు కోసిండ్రివి? దర్జీ కుట్టినట్టున్నయ్!" అన్నాడు.

ఎస్తేరు భర్త మొహంలోకి చూసింది.

"మన కుర్రాళ్ళేనండీ" అన్నాడు సాలమన్.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఎస్తేరు తల తిప్పుకుంది. మూల మీద ఒక ముక్క తిరగేసి తొడిగారు, పొడుగు వైపు లోపలికి పోయింది, బయట సందు తేలింది. గమ్ ఇంకా పట్టలేదు. వేళ్ళు ఊరుకోలేదు. ఊడదీసి, తిప్పి, నొక్కింది. సందు మాయమైంది.

"భాభీకి ఎట్ల తెల్సు?" ఇక్రాముద్దీన్ ఆశ్చర్యపోయాడు.

"ఇంట్లో నేను చెప్తుంటే విని ఉంటుంది లెండి" అని సాలమన్ నవ్వేశాడు.

కార్లో ఆమె మొహం చూసి తనే అందుకున్నాడు. "నీ పేరెలా చెప్తానే? నువ్వున్నది ఫ్యామిలీ వీసా మీద. పని చేస్తున్నావని తెలిస్తే అందర్నీ విమానం ఎక్కిస్తారు. నీ మంచికే కదా!"

నిజమే. అదే తెమలడంలేదు ఆమెకు. అబద్ధమైతే దెబ్బలాడవచ్చు, నిజంతో ఎలా దెబ్బలాడటం? ఆయన తనని కాపాడుతున్నాడా, తనని దాచి తను పైకొస్తున్నాడా? రెండూ ఒకటేనా? అసలు తనకొచ్చింది కోపమా? ఆ గోడ చూసినప్పుడు పొంగిపోయింది కూడా తనే కదా. ఈ పని ఇష్టమని ఇవాళే తెలిసింది, తెలిసినందుకు సిగ్గేసింది. నర్సాపురంలో అమ్మ లేసు అల్లేది. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు పోయేది, నాన్న మాత్రం "మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది" అనేవాడు. అమ్మకూ ఇలాగే అనిపించేదా? అడుగుదామంటే అమ్మ లేదు. ఇల్లొచ్చేదాకా ఎస్తేరుకు ఏదీ తేలలేదు.

అన్నాలయ్యాయి. సాలమన్ డిక్కీలోంచి కొత్త కట్ట తెచ్చి వంటింట్లో పడేశాడు. "ఇంకో విల్లా వచ్చింది. కొలతలు రాసిస్తాను, కాస్త తొందరగా కానీ."

ఎస్తేరు అలవాటుగా కత్తి అందుకుంది. వేళ్ళకు పొద్దున సెల్లార్లో అంటిన జిగురింకా ఉంది. అది చూస్తుంటే మనసులో చిక్కు ఉన్నట్టుండి విడిపోయింది.

"కంపెనీకి చెప్పొద్దు లెండి. నాకు పని చేసే వీసా లేదు, నిజమే" అంది. "కానీ ఈ వంటింట్లో ఉండేది మనిద్దరమే. ఒక్కరోజన్నా 'బాగా కోశావు ఎస్తేరూ' అన్నారా? దానికి ఏ వీసా అడ్డమొచ్చింది?"

సాలమన్ కొలతల కాగితం కోసం జేబు తడుముకున్నాడు.

ఆమె కత్తిని కట్ట మీద పెట్టి, రెండూ కలిపి ఆయన వైపు జరిపింది. చేతులు కడుక్కోవడానికి లేచింది.

"రేపు పొద్దున్న ఇవి మీ కుర్రాళ్ళకే ఇవ్వండి. వాళ్ళు బాగా కోస్తారటగా."