తల్లిదుంప

పొద్దున్నే లేచి నంకేరో చేసే మొదటి పని, మనవణ్ణి ఎత్తి కూతురి రొమ్ముకు ఆనించడం. వాడు పాలు తాగినంతసేపూ తనే పట్టుకుని కూర్చోవాలి. పురుడైన నెలకే మురేమి చేతులు వాచిపోయాయి. వేళ్లు ముడుచుకోవు. రెండు నెలలుగా కన్నబిడ్డను ఎత్తుకోలేదు. ఈమధ్య వాడు పాలు తాగి, తల్లి ముఖమైనా చూడకుండా అమ్మమ్మ భుజం మీద వాలిపోతున్నాడు. అది చూసి మురేమి గోడవైపు తిరిగి ఏడుస్తుంది.

వాపుకు మందు కొక్కెపు దుంప. కవాంగో ఇసుక నేలల్లో పుట్టినవాళ్లందరికీ తెలిసిందే. పక్క దుంపలు మాత్రం తీసుకుని, తల్లిదుంపను ముట్టకుండా గుంత పూడ్చాలి. మనిషి నొప్పి ఆ గుంతలోనే ఉండిపోతుంది. తల్లిదుంపను తవ్వితే మటుకు ఆ నొప్పి సొంతదారును వెతుక్కుంటూ తిరిగొస్తుంది, ఇక ఏ మందుకూ లొంగదు. అందుకే మేకలు తోలుకెళ్లేవాళ్లు పూడ్చిన గుంతలను చూసి "అది సిరోంగో నడుము, ఇవి నంకేరో మోకాళ్లు" అనుకుంటూ పక్కనుంచి నడుస్తారు.

రెండేళ్లుగా వాన లేదు. ఏ తీగ కింద చూసినా తల్లిదుంప తప్ప ఇంకేం మిగల్లేదు, ప్రతి తల్లిదుంప దగ్గరా ఎవరిదో ఒకరి నొప్పి ఉంది. నంకేరో సిగ్గు విడిచి సిరోంగో దగ్గరికి వెళ్లింది. ముసలాయన తన గుంత మీదే పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఎందుకొచ్చావో తెలుసులే. ఇవ్వను."

"డెబ్బై దాటాయి కదన్నా. ఇంక నడుముతో నీకేం పని?"

"కూర్చోడానికైనా నడుము కావాలమ్మా. నీ మోకాళ్లు ఎక్కడున్నాయో నీకు తెలీదా?"

తెలుసు. తెలిసే ఊరంతా తిరిగింది. ఇరవై ఏళ్ల కిందట ఆ మోకాళ్లతో ఏడాది పొడుగునా పాకింది. పసిపిల్ల మురేమి పక్కన పోటీగా పాకుతూ నవ్వేది. ఆ నొప్పి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ భయమే.

ఆ మధ్యాహ్నమే తన గుంత తవ్వింది. దుంపను ముక్కలు కోసి ఇంటి కప్పు మీద ఎండేసింది. ముక్కలు ఎండేకొద్దీ మోకాళ్లు బరువెక్కాయి. కషాయం కాచిన రోజున పొయ్యి దాకా పాకాల్సి వచ్చింది.

"ఇంత చేదేంటమ్మా? ఎవరి దుంప ఇది?"

"చేదుంటే పనిచేస్తుంది. నోరు మూసుకుని తాగు."

పది రోజులకు, ఓ పొద్దున పిల్లవాడు ఏడ్చాడు. నంకేరో చాప మీంచి లేవబోయింది, లేవలేకపోయింది. చేతులు చాచింది, వాడు అందలేదు. అప్పటికే మురేమి వాడి చంకల కింద వేళ్లు బిగించి ఎత్తేసింది. వాడు కాసేపు గింజుకున్నాడు, అమ్మమ్మ కోసం అటూ ఇటూ చూశాడు, చివరికి తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు.

మురేమి చూపు తల్లి మోకాళ్ల మీద పడింది. దుంప ఎవరిదో ఇక అడగలేదు. బిడ్డను వీపున కట్టుకుని వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోవే, పడేస్తావు."

"పట్టుకున్నానమ్మా," అంది మురేమి. "లే."