లెవెల్ ట్యూబు చూసిన వాన

నేను ఒక మామూలు ప్లాస్టిక్ గొట్టాన్ని. నాలో నీళ్ళు నింపి, రెండు చివరలూ రెండు గోడలకు ఆనించి మేస్త్రీలు ఎత్తులు సరిచూసుకుంటారు. లెవెల్ ట్యూబు అంటారు నన్ను. ఎక్కడో ఫ్యాక్టరీలో వేడి ముద్దగా పుట్టి, రామచంద్రపురం హార్డ్‌వేర్ కొట్టులో చుట్టగా వేలాడి, ఒక ముసలి మేస్త్రీ చేతికి వచ్చాను. ఆయన చూపు మసకబారాక అల్లుడు వీర్రాజు పాలబడ్డాను.

ఎన్ని ఇళ్ళు చూసినా నా ఆశ్చర్యం తీరదు. నాలోని నీళ్ళకు కళ్ళు లేవు, చదువు లేదు. నేను మధ్యలో ఎన్ని వంకర్లు తిరిగినా రెండు చివరలా ఒకే ఎత్తున నిలబడతాయి. ఎవరు నేర్పారు వాటికి? తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే భయమూ వేస్తుంది. ఎవరైనా నన్ను తొక్కితే? ఎండకు పగిలిపోతే? ఇంత నిజాయితీ గల నీళ్ళు నా వల్ల అబద్ధం చెబితే?

వరహాలమ్మ ఇంట్లో అంత పనీ కాబోయింది.

ఆవిడా, భర్త కామేశమూ ఇంటి వెనక ఒక గది పెంచారు. కొత్త శ్లాబు మీద వాలుగా గచ్చు చేయాలి. ఈశాన్యం మూల నుంచి నీళ్ళు జారితే పడేది పక్కింటి చిట్టెమ్మ మట్టిగోడ మీదే. ఆ గోడ అవతలే చిట్టెమ్మ కూతురి పురిటి మంచం.

"వాలు ఈశాన్యానికే పెట్టవోయ్ వీర్రాజూ. వాస్తు," అన్నాడు కామేశం.

"మన ఈశాన్యం చిట్టెమ్మకి నైరుతి కాదేంటండీ? మన శుభం వాళ్ళ గోడ మీద పడాలా?" అంది వరహాలమ్మ. "ప్లానిచ్చినాయన ఏం చెప్పాడు? మన కప్పు మీద పడ్డ చినుకు మన స్థలంలోనే ఇంకాలన్నాడా, లేదా?"

"నీకు మబ్బన్నా భయమే, చినుకన్నా భయమే!"

"భయమే. గోడ కూలి పసిగుడ్డు మీద పడ్డాక భయపడి ఏం లాభం?"

కామేశం తలూపి, వీర్రాజుకు వీధి వైపు చూపించాడు. వాలు వీధి వైపుకనీ, అక్కడి నుంచి పైపులో ఇంకుడు గుంతకనీ తేలింది. వీర్రాజు నన్ను పరిచి గుర్తులు పెట్టాడు. మనుషులు భలేవాళ్ళు. దిక్కుల గురించి అంతసేపు వాదించుకుని, నన్ను మాత్రం ఒక్క చూపుతో నమ్మేశారు. నా కడుపులో గాలి బుడగ ఇరుక్కుంది. చెబుదామంటే నాకు నోరేదీ?

వరహాలమ్మ వంగి చూసింది. "ఇదేంటి వీర్రాజూ, గుండ్రంగా?"

"బుడగండమ్మగారూ... అయ్యబాబోయ్!"

నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి చూశాడు. రెండు వేళ్ళ తేడా! పాత గుర్తుల ప్రకారం గచ్చు వేసి ఉంటే వాలు ఎదురు తిరిగి, నీళ్ళన్నీ మట్టిగోడ మీదికే.

కొత్త గుర్తుల మీద వేసిన గచ్చు ఆరాక వాయుగుండం పట్టింది. నేను వీర్రాజు తగిలించిపోయిన మేకుకే, పై మెట్టు పక్కన వేలాడుతున్నాను. వరహాలమ్మ గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడింది. ప్రతి ఉరుమూ ఆవిడకు గోడ కూలిన చప్పుడే. శ్లాబు నిండా చేరిన నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించాయి. తర్వాత, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, అన్నీ కలిసి వీధి వైపు కదిలాయి. ఆకాశమంత నీరు, గచ్చులోని ఆ పిసరంత వాలుకు తలవంచింది!

"చిట్టెమ్మా! గోడెలా ఉందే?"

"చెమ్మైనా లేదొదినా! పిల్ల ఇప్పుడే పడుకుంది, అరవకు!"

వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ తడి మెట్టు మీదే కూలబడింది. గుంతలో నీళ్ళు ఇంకుతున్న చప్పుడు ఇద్దరం చాలాసేపు విన్నాం.