ఇంటిపేరు అడిగితే

మా తాత కోల్మన్ యుద్ధంలో పోయాడని నమ్మింది మా మేనత్త బాబీన్ ఒక్కతే. ఊరు ఇంకోలా చెప్పుకునేది. బంగాళాదుంపలు తవ్వే పనికి స్కాట్లాండ్ వెళ్ళి, అక్కడ ఇంకొకదాన్ని చేరదీసి, పెళ్ళాం పిల్లల్ని గాలికొదిలేశాడట. సముద్రం ఒడ్డున ఉన్న మా కనెమారా పల్లెల్లో మనిషి పేరు వెనక తండ్రి పేరు వస్తుంది. తండ్రి వదిలేసిన పిల్లలకు తల్లి పేరే గతి. అందుకే తొంభై మూడేళ్ళ అత్తను ఇప్పటికీ ‘బాబీన్ మోయ్రా’ అంటారు. మోయ్రా మా నానమ్మ.

మా జిల్లా పట్నం గాల్వేలో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాళ్ళ పేర్లతో రాయి నిలబెడుతున్నారు. సోమవారం నుంచి చెక్కుతారు. కమిటీ కార్యదర్శి లవెల్‌ది ఒకటే పాట.

“కాగితం తెండి, పేరు చెక్కిస్తాం.”

“ఏమే, నేను పోయాక తెస్తావా కాగితం?” అని అత్త రోజూ దెప్పుడు.

మూడు నెలలు తిరిగాను. కాగితాల మీద మా ఇంటిపేరు ఫోలన్. గుమాస్తాలు చెవిటివాళ్ళనుకుని ఫాలన్, ఫోలండ్, పోలన్ అన్నీ వెతికాను. ఒక కోల్మన్ ఫోలన్ దొరికాడు. అత్తకు చెప్పి ఇద్దరం ఏడ్చాం కూడా. తీరా చూస్తే వాడు క్షేమంగా ఇంటికొచ్చి ఎనభై ఏళ్ళు బతికాడు! మిగతావి అడిగితే, సగానికి పైగా సైనికుల కాగితాలు తర్వాతి యుద్ధంలో బాంబు పడి కాలిపోయాయన్నారు. ఒక యుద్ధం మనిషిని తినేస్తే ఇంకో యుద్ధం కాగితాల్ని తినేసింది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం ఆఖరి ప్రయత్నం. పాత సైన్యం కాగితాల ఫొటోలున్న ఫిల్ము చుట్టను తీసి ఉంచమని ముందురోజే గ్రంథాలయానికి ఫోన్ చేసి చెప్పాను. వెళ్ళి ఫోలన్ అని చెబితే కౌంటర్‌లోని అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“ఫోలన్ పేరు మీద తీసిపెట్టింది ఏమీ లేదండీ.”

“నిన్న నీతోనే కదమ్మా మాట్లాడాను! రెండు బస్సులు మారి వచ్చాను. ఇంకోసారి చూడు.”

“చూశానండీ. నిన్న ఫోన్ చేసింది ఒక్కరే. ఎవరో... థామస్ గారట. నాప్లా థామస్.”

“నేనే ఆ నాప్లాని! తొమాస్ మా నాన్న!”

“పేరేంటని అడిగితే మీరు అదే చెప్పారండీ. నేను అదే రాశాను.”

నిజమే. పేరడిగితే మా ఊళ్ళో ఎవరైనా అదే చెబుతారు. ఆ పిల్లను నాలుగు దులుపుదామని నోరు తెరిచేసరికి బుర్రలో వెలిగింది. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మూడు నెలలు వెతికాను. తాతను పేరడిగినా ఇలాగే చెప్పి ఉంటాడు. మా తాత తండ్రి పేరు బార్ట్లీ.

“అమ్మా, ఫోలన్ చుట్ట వద్దు. బార్ట్లీ ఉన్నది ఇవ్వు.”

పావుగంటలో దొరికాడు. ఇంటిపేరు బార్ట్లీ, పేరు కోల్మన్. కూలి. ఇంగ్లీషు రాదు. సంతకం చోట వంకర గుర్తు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సైన్యంలో చేరి, 1917 అక్టోబరులో ఫ్లాండర్స్ యుద్ధరంగంలో చనిపోయాడు. భార్య పేరు మోయ్రా పీటర్ అని చెప్పాడు. పీటర్ ఆవిడ తండ్రి. పక్కనే ఎవడో గుమాస్తా ఎర్ర సిరాతో రాశాడు: ‘ఇంటిపేరు వేరు. భార్య కాదు. కబురు పంపనక్కర్లేదు.’

“వీడి చేతులు పడిపోను!” అని గట్టిగానే అన్నాను. చదువుకునేవాళ్ళంతా తలెత్తి చూశారు. చూడనీ.

ఆ కాగితం అచ్చు తీయించి లవెల్ దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాలు సర్దుకుని చూశాడు.

“ఇతను బార్ట్లీ. మీరు ఫోలన్. ఎలా కుదురుతుంది?”

“మీది మా వైపే కదా. ఇంటి దగ్గర మిమ్మల్ని ఏమని పిలుస్తారు?”

“ఫెస్టీ షాన్...” అని ఆగిపోయాడు. “షాన్ మా నాన్న.” కాగితం దగ్గరికి లాక్కుని కలం తీశాడు. “ఏ పేరు చెక్కమంటారు?”

“మా అత్తనడిగి చెప్తాను.”

అత్త టీ చల్లారబెట్టుకుని మొత్తం చదివించుకుంది. ఎర్ర సిరా మాట రెండుసార్లు చదవమంది.

“మా అమ్మ మొగుడొదిలేసినదన్న పేరుతోనే పోయిందే,” అని శాలువాతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

“ఏ పేరు రాయమంటావత్తా?”

“ఆయన చెప్పింది. మా నాన్న తన పేరు సరిగ్గానే చెప్పాడు. వాళ్ళకే తెలీలేదు.”

అప్పుడే పోస్టుమాన్ ఫియక్రా గుమ్మంలోంచి తొంగి చూశాడు.

“ఏం బాబీన్ మోయ్రా, బావున్నావా?”

అత్త చేతికర్రతో నేల మీద ఠపీమని కొట్టింది.

“బాబీన్ కోల్మన్ బార్ట్లీ!”

“ఆఁ?”

“అను. అన్నాకే ఉత్తరం ఇచ్చి కదులు.”

వాడు బిత్తరపోయి నా వంక చూశాడు. అనమన్నట్టు తలూపాను.

“బాబీన్ కోల్మన్ బార్ట్లీ,” అన్నాడు.

“ఇంకోసారి,” అంది అత్త.