నీనో కోసం ఆగిన పాట

క్యాంటీన్ టీవీలో బాంబులు పడుతున్న ఊరు నీనోదని మాకు ముందు తెలియలేదు. ఆమె చేతిలోంచి ఉప్మా ప్లేటు జారిపడ్డాక తెలిసింది. టీవీ దగ్గరికి పరుగెత్తి, కూలిన మేడను వేలితో చూపిస్తూ "అమ్మ, అమ్మ" అంది. ఆమెకొచ్చిన కొద్దిపాటి తెలుగులో అదొక మాట.

అది రెండువేల ఎనిమిది ఆగస్టు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో పాట తీస్తున్నారు. హీరోయిన్ వెనక తెల్లపిల్లలు ఊగితేనే పాటకు రిచ్‌నెస్ అని నమ్మే కాలం. జార్జియా నుంచి నీనో, రష్యా నుంచి లారిస్సా అలా వచ్చినవాళ్ళే. వాళ్ళను టూరిస్టు వీసా మీద రప్పించి, పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకున్నవాడు డాన్సర్లను సప్లై చేసే విహారి. మేము కృష్ణానగర్ డాన్సర్లం, వాళ్ళ వెనక వరసలో నిలబడేవాళ్ళం.

తన నుంచి విడిపోయిన చిన్న కొండసీమ మీద జార్జియా ఫిరంగులు పేల్చింది. ఆ సీమను వెనకేసుకొచ్చే రష్యా ఇదే అదనని టాంకులు దింపింది. జార్జియా సైన్యానికి తర్ఫీదిచ్చి భుజం తట్టిన అమెరికా దూరాన కూర్చుని ప్రకటనలు చేసింది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆ లేగ మా కళ్ళముందే నేలమీద కూలబడి ఏడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

లారిస్సా వచ్చి ఆమెను పట్టుకుంది. ఆ టాంకులు లారిస్సా వాళ్ళ వీధిలోంచే వెళ్ళాయట. "మై బ్రదర్, ఆర్మీ" అని తలదించుకుంది. అయినా నీనో ఆమె చెయ్యి వదల్లేదు.

పక్క దేశం ఆర్మేనియాలో నీనో పిన్ని ఉంది. తల్లిని అక్కడికి రప్పించి తనూ చేరాలని పాస్‌పోర్టు అడిగింది. విహారి కుదరదన్నాడు. గొడవ చేస్తే, టూరిస్టు వీసా మీద పనిచేస్తోందని పోలీసులకు అప్పజెబుతానని, వాళ్ళు నేరుగా ఆ బాంబుల్లోకే పంపిస్తారని బెదిరించాడు. లారిస్సాను పిలిచి నీనో స్థానంలో ముందు నిలబడమన్నాడు.

మా బాలమణి ఊరుకోలేదు. "ఏంది సారూ, తల్లి బతికుందో లేదో తెల్వని పిల్ల. పాస్‌పోర్టు ఇయ్యరాదా?"

విహారి నవ్వాడు. "కార్డు లేని ఫారినర్లని పంపించెయ్యమని ఠాణాలో ఫిర్యాదు పెట్టింది మీ ఓదెలే కదమ్మా? మీరడిగిందే చేస్తున్నాను."

అందరం ఓదెలు వైపు చూశాం. అతను మా యూనియన్ నాయకుడు. యూనియన్ కార్డు లేనిదే లైన్లో నిలబడకూడదన్నది మా కట్టుబాటు. ఫిర్యాదు నిజమే.

కాస్ట్యూమ్ షెడ్‌లో గుమిగూడాం.

"గీ పిల్లలొచ్చి మన కడుపు కొట్టిన్రు. అబద్ధమా?" అన్నాడు ఓదెలు.

"కొట్టింది గా పిల్లనా, విహారా?" బాలమణి అరిచింది. "వీళ్ళు పోతే ఇంకోళ్ళను తెస్తడు. యాడ కొంప అంటుకుంటే ఆడికి పొయ్యి చౌకగ పట్టుకొస్తడు. నీ కార్డు గాన్ని ఆపిందా?"

ఓదెలు జేబులోంచి తన కార్డు తీసి చూసుకున్నాడు. ఎవరో మెల్లగా గుర్తుచేశారు: ఇవాళ గుమ్మడికాయ కొట్టే రోజు, షూటింగ్‌కి ఆఖరి రోజు. రేపు హీరో ఉండడు. ఇవాళ మనం ఆగితే పాటే ఆగుతుంది.

ఆ మాట వినగానే నేను రేపటి సంగతి ఆలోచించాను. ఆపినవాళ్ళను మళ్ళీ ఎవరు పిలుస్తారు? కిరాయి గది ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం?

పాట మొదలైంది. డాన్స్ మాస్టరు లెక్క పెడుతుంటే అలవాటు కొద్దీ మా కాళ్ళు కదలబోయాయి. మొదట లారిస్సా వెళ్ళి, సెట్ మూల కూలబడి ఉన్న నీనో పక్కన కూర్చుంది. తర్వాత బాలమణి. తర్వాత వరస వరసంతా కూర్చున్నాం. నిర్మాత కేకలు వేశాడు. విహారి ఫోన్ తీశాడు.

పోలీసు జీపు వచ్చింది. "ఫిర్యాదు ఇచ్చింది ఎవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఓదెలు లేచాడు. "నేనే సార్. వాపస్ తీసుకుంటున్న. గా పిల్లను ఏం జెయ్యకుండ్రి. పాస్‌పోర్టు గుంజుకున్నోణ్ణి పట్టుకోండ్రి."

ఓదెలు చెంప ఛెళ్ళుమంది. నీనోను రేపు ఠాణాకు తెమ్మని విహారికి చెప్పి, ఓదెలును జీపులో పడేసుకుపోయారు.

మేము మేకప్ కూడా కడుక్కోలేదు. తళుకుల గాగ్రాలతోనే జూబ్లీహిల్స్ రోడ్డు మీద నడిచాం. సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు హారన్లు కొట్టాయి. కృష్ణానగర్ నుంచి లైట్‌మెన్, మేకప్‌వాళ్ళు వచ్చి కలిశారు. ఠాణా గేటు ముందు అందరం కూర్చున్నాం.

సాయంత్రానికి విహారి వచ్చాడు, మొహం పాలిపోయి. నీనోకు పాస్‌పోర్టు అందించాడు. "ఇదిగో, టికెట్ కూడా నేనే తీస్తాను. ఈ రాత్రికే పాట అయిపోవాలి, వీళ్ళని లేచి రమ్మని చెప్పు. ఓదెలు సంగతి తర్వాత చూద్దాం."

నీనో పాస్‌పోర్టు తీసుకుని లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్తే ఎవరం తప్పుపడతాం, అక్కడ తల్లి ఉంది. పాస్‌పోర్టు బాలమణి చేతిలో పెట్టి, మళ్ళీ రోడ్డు మీద కూర్చుంది.

"ఓదెలు రావాలె," అంది, అచ్చం బాలమణి యాసలో.

లారిస్సా అదే మాట అంది. తర్వాత అందరం అన్నాం. లోపలి నుంచి లాఠీలు పట్టుకుని పోలీసులు గేటు దగ్గరికి వస్తున్నారు. నాకు భయమేసింది. అయినా అరిచాను.